ఓపెన్ సోర్స్ ప్రింటింగ్: సిరా పెత్తనం నుంచి సగం విముక్తి

కంప్యూటర్‌లోని పత్రాన్ని కాగితం మీదికి చేర్చే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా చదివి, మార్చి, పదిమందికీ పంచుకునే హక్కుతో తయారు చేయడాన్ని ఓపెన్ సోర్స్ ప్రింటింగ్ అనవచ్చు. పేజీని చుక్కలుగా మార్చే ప్రోగ్రాములు, ప్రింటర్ డ్రైవర్లు, ప్రింట్ క్యూలను నడిపే వ్యవస్థలు, సిరా ఎంత మిగిలిందో చెప్పే సాధనాలు దీని కిందికి వస్తాయి. ఈమధ్య ఏకంగా ప్రింటర్ల నమూనాలే ఇందులో చేరుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన ఈ ప్రయత్నం మొదట్లో ఒక సాంకేతిక అవసరం. యంత్రాన్ని చౌకగా ఇచ్చి సిరాను ఖరీదుగా అమ్మే వ్యాపారం స్థిరపడ్డాక అది వినియోగదారుల హక్కుల పోరుగా మారింది.

ఈ పోరులో ఓపెన్ సోర్స్ సగం గెలిచింది. కంప్యూటర్ నుంచి ప్రింటర్ దాకా ఉన్న దారి ఇప్పుడు దాదాపు పూర్తిగా తెరుచుకుంది. ప్రింటర్ లోపల ఉండి దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ, కాట్రిడ్జ్ మీది చిప్పులోనూ వేసిన తాళం మాత్రం ఇంకా కంపెనీల చేతిలోనే ఉంది. ఏది సాధ్యమైందో, ఏది కాలేదో విడివిడిగా చూస్తేనే ఈ విషయం అర్థమవుతుంది.

చౌక యంత్రం, ఖరీదైన సిరా

ఇంక్‌జెట్ ప్రింటర్లు మార్కెట్లో విస్తరించింది 1980లలో. హెచ్‌పీ 1984లో థింక్‌జెట్‌ను, 1988లో డెస్క్‌జెట్‌ను విడుదల చేసింది. హెచ్‌పీ, కెనాన్ సంస్థలది వేడి పద్ధతి. వెంట్రుక మందం గొట్టంలోని సిరాను క్షణకాలం వేడి చేస్తే బుడగ పుడుతుంది. ఆ తోపుకు చుక్క కాగితం మీదికి ఎగురుతుంది. ఎప్సన్ మరో దారి పట్టింది. విద్యుత్తు తగిలితే వంగే పీజో పలక సిరాను నొక్కి చిమ్మడం దాని పద్ధతి. హెచ్‌పీ చిన్న ప్రింటర్లు చాలావాటిలో ప్రింట్ హెడ్ కాట్రిడ్జ్‌లోనే ఉంటుంది కాబట్టి కాట్రిడ్జ్ మార్చిన ప్రతిసారీ హెడ్ కూడా కొత్తది వస్తుంది. ఎప్సన్‌లో హెడ్ యంత్రానికే బిగించి ఉంటుంది, కాట్రిడ్జ్ వట్టి సిరా డబ్బా. రీఫిల్ చేసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. మొదటి రకంలో ఒకే కాట్రిడ్జ్‌ను పదేపదే నింపితే హెడ్ అరిగిపోతుంది. రెండో రకంలో నాసిరకం సిరా పోస్తే ప్రింటర్ హెడ్డే మూసుకుపోతుంది.

రేజర్‌ను చౌకగా ఇచ్చి బ్లేళ్ల మీద సంపాదించే సూత్రాన్ని ప్రింటర్ కంపెనీలు తమదిగా చేసుకున్నాయి. హెచ్‌పీ వార్షిక లెక్కలు చూస్తే ప్రింటింగ్ విభాగం ఆదాయంలో సగానికి పైగా సిరా, టోనర్ వంటి సరఫరాల నుంచే వస్తోంది. చిన్న కాట్రిడ్జ్‌లు కొన్ని వంద, రెండొందల పేజీలకే ఖాళీ అవుతాయి. అందులోని సిరా అంతా కాగితం మీదికి చేరదు. హెడ్ ఎండిపోకుండా ప్రింటర్ తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు కొంత పోతుంది. ఎప్పుడో ఒకసారి ప్రింట్ తీసే ఇళ్లలో ఇలా పోయే భాగం ఎక్కువ. ఒకటి రెండుసార్లు కాట్రిడ్జ్‌లు మార్చేసరికి ప్రింటర్ ధర దాటిపోవడంతో, పనిచేస్తున్న యంత్రాన్నే మూలన పడేసి కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు.

సిరా తయారీకి ఏళ్ల పరిశోధన కావాలని, నకిలీ కాట్రిడ్జ్‌లు హెడ్‌ను పాడు చేస్తాయని, చౌకగా ఇచ్చిన యంత్రం ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలని కంపెనీలు వాదిస్తాయి. మొదటి రెండింటిలో కొంత నిజముంది. అయితే వేరే సిరా వాడి నష్టపోతే ఆ నష్టం కొన్నవాడిది, ఆ నిర్ణయమూ అతనిదే కావాలి. వివాదమంతా అక్కడే మొదలవుతుంది.

ప్రింటర్ దగ్గర మొదలైన ఉద్యమం

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ చరిత్రలో అందరూ చెప్పుకునే తొలి ఘట్టం ఒక ప్రింటర్ గురించినదే. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు 1980 ప్రాంతంలో జిరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. కాగితం ఇరుక్కుంటే ఆ సంగతి అందరి తెరల మీదా కనిపించేలా అంతకుముందున్న ప్రింటర్‌కు రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ చిన్న మార్పు చేసి ఉన్నాడు. ప్రింటర్ వేరే అంతస్తులో ఉండేది కాబట్టి ఆ కబురు అందరికీ పనికొచ్చేది. కొత్త యంత్రానికీ అదే మార్పు చేద్దామంటే సోర్స్‌కోడ్ ఇవ్వలేదు. కోడ్ ఉన్న కార్నెగీ మెలన్ పరిశోధకుణ్ణి కలిసి అడిగితే, బయటికి ఇవ్వనని ఒప్పందం రాసిచ్చానని తిప్పి పంపాడు.

స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్స్ తొలి రూపం వెలువడింది. సాఫ్ట్‌వేర్‌ను వాడటానికి, చదవడానికి, మార్చడానికి, పంచడానికి హక్కులిచ్చి, మార్చినవాళ్లూ అవే హక్కులు ఇతరులకు ఇవ్వాలనే షరతు పెట్టే లైసెన్స్ ఇది. నేటి ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం ఈ పునాది మీదే నిలబడింది.

డ్రైవర్ల కాలం

ప్రింటర్ డ్రైవర్ పని పేజీని యంత్రానికి అర్థమయ్యే భాషలో చెప్పడం. అడోబీ సంస్థ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాషను తెచ్చింది. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ దానితోనే పేరు తెచ్చుకుంది. అయితే పోస్ట్‌స్క్రిప్ట్‌ను అర్థం చేసుకునే ప్రింటర్లు ఖరీదైనవి. 1988లో పీటర్ డాయిచ్ గ్నూ ప్రాజెక్టు కోసం ఘోస్ట్‌స్క్రిప్ట్ రాశాడు. ప్రింటర్ చేయాల్సిన ఆ తర్జుమా పనిని అది కంప్యూటర్‌లోనే చేసి, చవకరకం ప్రింటర్‌కు చుక్కల పటాన్ని పంపింది. దీంతో ఖరీదైన ప్రింటర్ల సౌకర్యం సామాన్యుల యంత్రాలకూ అందింది. ఘోస్ట్‌స్క్రిప్ట్ నేటికీ పోస్ట్‌స్క్రిప్ట్, పీడీఎఫ్ దస్త్రాలను ప్రింటర్లకు సిద్ధం చేస్తూనే ఉంది.

తర్వాతి పెద్ద అడుగు కప్స్. మైఖేల్ స్వీట్ 1997లో మొదలుపెట్టి 1999లో విడుదల చేసిన ఈ ప్రింట్ క్యూల వ్యవస్థ ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్ మీద ఆధారపడుతుంది. ఆపిల్ 2002లో తన మ్యాక్ ఓఎస్‌లో దీన్ని చేర్చింది. 2007లో కప్స్ హక్కులను కొని స్వీట్‌ను ఉద్యోగంలోకి తీసుకుంది. ఆయన 2019 చివర్లో ఆపిల్ నుంచి బయటికొచ్చాక, లైనక్స్ ఫౌండేషన్ నీడన ఉన్న ఓపెన్‌ప్రింటింగ్ బృందం కప్స్ అభివృద్ధిని కొనసాగిస్తోంది. ఏ ప్రింటర్ ఏ డ్రైవర్‌తో ఎంత బాగా పనిచేస్తుందో నమోదు చేసిన సమాచార నిధి కూడా ఈ బృందం దగ్గరుంది. టిల్ కాంప్‌టెర్ ఏళ్ల తరబడి ఈ పనిని ముందుండి నడిపించాడు.

ఫొటోలు ముద్రించేవాళ్లకు దక్కిన వరం గుటెన్‌ప్రింట్. గింప్ చిత్ర సంపాదకికి ప్రింటింగ్ అనుబంధంగా మైఖేల్ స్వీట్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామును రాబర్ట్ క్రావిట్జ్, ఆయన బృందం పెంచి పెద్ద చేశారు. చుక్కల పరిమాణం, సిరా సాంద్రత, రంగుల పాళ్లు వినియోగదారుడే సరిచేసుకోవచ్చు. అంటే పేజీకి ఎంత సిరా పడాలన్నది అతని చేతిలోకి వచ్చింది. దీనితోపాటు వచ్చే ఎస్కప్యుటిల్ అనే చిన్న సాధనం ఎప్సన్ ప్రింటర్లలో సిరా మట్టం చదువుతుంది, హెడ్ శుభ్రం చేయిస్తుంది, గీతలు సరిచేయిస్తుంది.

కంపెనీలన్నీ అడ్డుపడ్డాయనడం న్యాయం కాదు. హెచ్‌పీ తన ప్రింటర్ల కోసం హెచ్‌ప్లిప్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ల సముదాయాన్ని తానే తయారు చేసి ఏళ్లుగా నిర్వహిస్తోంది. కాకపోతే కొన్ని మోడళ్లకు దానితోపాటు సోర్స్‌కోడ్ లేని ఒక ప్లగిన్ కూడా దింపుకోవాలి. బ్రదర్ లేజర్ ప్రింటర్లు చాలావాటికి బ్రలేజర్ అనే స్వేచ్ఛా డ్రైవర్‌ను కంపెనీతో సంబంధం లేని ప్రోగ్రామర్లు రాశారు.

గత పదిహేనేళ్లలో అసలు డ్రైవరే అక్కర్లేని స్థితి వచ్చింది. ఆపిల్ 2010లో ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. ప్రింటర్ వర్కింగ్ గ్రూప్ 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ ప్రమాణాన్ని ప్రచురించింది. ప్రింటర్ తన సామర్థ్యాలను తానే చెప్పుకుంటుంది, కంప్యూటరో ఫోనో ప్రామాణిక రూపంలో పేజీని పంపుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా 2023 సెప్టెంబరులో, తయారీదారుల సొంత డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా అందించడాన్ని దశలవారీగా ముగిస్తామని ప్రకటించింది. డ్రైవర్ దొరకనందుకు మంచి ప్రింటర్‌ను పారేయాల్సిన దుస్థితి ఆ మేరకు తగ్గింది.

చిప్పు అనే తాళం

డ్రైవర్ల దారి తెరుచుకుంటున్న కాలంలోనే కంపెనీలు కాట్రిడ్జ్‌ల మీద చిప్పులు అతికించాయి. ఇందులో చిన్న మెమరీ ఉంటుంది. కాట్రిడ్జ్ సంఖ్య, రంగు, తయారీ తేదీ, ఎంత సిరా ఖర్చయిందన్న అంచనా అందులో నమోదవుతాయి. చాలా ప్రింటర్లు సిరాను నేరుగా కొలవవు. చిమ్మిన చుక్కలను లెక్కపెట్టి, లెక్క నిండగానే ఖాళీ అని ప్రకటిస్తాయి. సిరంజితో సిరా నింపినా చిప్పులోని లెక్క మారదు కాబట్టి ప్రింటర్ అంగీకరించదు. కొత్త చిప్పులైతే రహస్య సంకేతాలతో ప్రింటర్‌కు తమ గుర్తింపును నిరూపించుకోవాలి. ఈ తనిఖీ అంతా ప్రింటర్ ఫర్మ్‌వేర్‌లో జరుగుతుంది. కంప్యూటర్‌లో ఎంత స్వేచ్ఛా డ్రైవర్ ఉన్నా దాన్ని మార్చలేదు.

ఈ తాళం మీద జరిగిన అతి ముఖ్యమైన కోర్టు పోరు ప్రింటర్లు తయారు చేసే లెక్స్‌మార్క్ సంస్థది. స్టాటిక్ కంట్రోల్ కాంపోనెంట్స్ అనే అమెరికన్ కంపెనీ లెక్స్‌మార్క్ చిప్పుకు బదులుగా పనిచేసే చిప్పును రీఫిల్ చేసేవాళ్లకు అమ్మింది. డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం కింద లెక్స్‌మార్క్ 2002 చివర్లో దావా వేసింది. కాపీ చేశారని ఆరోపించిన టోనర్ లోడింగ్ ప్రోగ్రాముల్లో ఒకటి 37 బైట్లు, ఇంకొకటి 55 బైట్లు. ఒక తెలుగు వాక్యాన్ని కంప్యూటర్‌లో దాచాలన్నా అంతకంటే ఎక్కువ జాగా పడుతుంది. కింది కోర్టు లెక్స్‌మార్క్‌కు అనుకూలంగా నిషేధం విధించింది. 2004లో ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని రద్దు చేసింది. టోనర్ అమ్మకంలో పోటీని ఆపడానికి కాపీరైట్ చట్టాన్ని అడ్డం పెట్టుకోవడానికి ఆ తీర్పు ఒప్పుకోలేదు.

లెక్స్‌మార్క్ పేటెంట్ల దారిలోనూ ప్రయత్నించింది. ఒక్కసారి వాడి తిరిగి తమకే ఇవ్వాలన్న షరతుతో తగ్గింపు ధరకు అమ్మిన కాట్రిడ్జ్‌లను ఇంప్రెషన్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థ నింపి అమ్మడం పేటెంట్ ఉల్లంఘన అని వాదించింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వస్తువును అమ్మేసిన క్షణంలోనే దాని మీద పేటెంట్ హక్కు తీరిపోతుందని తీర్పునిచ్చింది. కోర్టులో ఓడినా కంపెనీకి సాంకేతిక తాళం మిగిలే ఉంటుంది. ఇతరులు దాన్ని విప్పవచ్చని చట్టం చెప్పింది తప్ప కంపెనీ తానే విప్పాలని చెప్పలేదు.

2016 సెప్టెంబరు 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు అనేకం ఒక్కసారిగా ఇతర కంపెనీల కాట్రిడ్జ్‌లను తిరస్కరించాయి. కాట్రిడ్జ్‌లో లోపం ఉందన్న సందేశం తెరపై కనిపించింది. నెలల కిందట భద్రత పేరుతో వచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లో ఈ తేదీ ముందే రాసిపెట్టి ఉంది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ తరఫున రచయిత కోరీ డాక్టొరో బహిరంగ లేఖ రాయగా వేలమంది సంతకాలు చేశారు. ఆ నెలాఖరుకే హెచ్‌పీ క్షమాపణ చెప్పి, ఆ అడ్డంకి లేని ఫర్మ్‌వేర్‌ను విడిగా ఇచ్చింది. అమెరికాలో వేసిన దావాను 15 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. 2020 డిసెంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ కోటి యూరోల జరిమానా వేసింది. ‘డైనమిక్ సెక్యూరిటీ’ పేరుతో ఆ విధానం మాత్రం కొనసాగుతోంది.

దాని వెంటే హెచ్‌పీ ప్లస్ అనే పథకం వచ్చింది. దీన్ని ఎంచుకున్న ప్రింటర్ జీవితాంతం హెచ్‌పీ సిరానే వాడాలి, ఇంటర్నెట్‌కు అనుసంధానమై ఉండాలి. ఇన్‌స్టంట్ ఇంక్ చందా పథకంలోనైతే చందా ఆపేశాక కాట్రిడ్జ్‌లో సిరా ఉన్నా అది పనిచేయదు.

చిప్పు లేకుంటే నాణ్యత పోతుందన్న వాదన ఎంతవరకు నిలబడుతుందో 2022 జనవరిలో తేలింది. ప్రపంచమంతటా చిప్పుల కొరత ఉన్న ఆ రోజుల్లో కెనాన్ కొన్ని ఆఫీసు యంత్రాలకు చిప్పు లేని టోనర్ కాట్రిడ్జ్‌లు పంపింది. హెచ్చరిక వస్తే ఏ బటన్ నొక్కి దాటవేయాలో కెనాన్ జర్మనీ శాఖే కొనుగోలుదారులకు వివరించింది. చిప్పు లేని ఆ టోనర్‌తో ముద్రణ నాణ్యతకు లోటు రాదని కూడా చెప్పింది.

వ్యర్థ సిరా లెక్క

తాళం కాట్రిడ్జ్ దగ్గరే ఆగదు. హెడ్ శుభ్రం చేసుకునేటప్పుడు పోయే సిరాను పీల్చుకోవడానికి ఇంక్‌జెట్ ప్రింటర్ అడుగున మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. ఎప్సన్ ప్రింటర్లు ఆ ప్యాడ్ ఎంత నిండిందో ఒక కౌంటర్‌లో లెక్క రాసుకుంటాయి. ప్యాడ్ పొంగి సిరా బయటికి కారకుండా ఉండాలన్నది దీని ఉద్దేశం, అది సబబే. లెక్క పరిమితికి చేరగానే ప్రింటర్ సర్వీసు కావాలంటూ ఆగిపోతుంది. ప్యాడ్ నిజంగా తడిసి ముద్దయిందా, ఇంకా జాగా ఉందా అని అది చూడదు. కొత్త ప్యాడ్ వేసినా లెక్కను సున్నా చేయకపోతే కదలదు.

ఆ లెక్క ప్రింటర్ మెమరీలోని కొన్ని చిరునామాల్లో ఉంటుంది. వాటిని యూఎస్‌బీ ద్వారానో నెట్‌వర్క్ ద్వారానో చదివి తిరిగి రాసే పద్ధతిని ప్రోగ్రామర్లు పరిశీలనతో కనుగొన్నారు. రీఇంక్, ఎప్సన్ ప్రింట్ కాన్ఫ్ వంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు అలా పుట్టాయి. ఏ మోడల్‌కు ఏ చిరునామాలో ఏముందో వాటి కోడ్‌లోనే రాసి ఉంటుంది. రీసెట్ కీ పేరిట డబ్బు తీసుకునే మూసిన ప్రోగ్రాములకు, ఊరూపేరూ లేని చోట్ల నుంచి దింపుకునే వైరస్ అనుమానపు సాధనాలకు ఇవి మేలైన ప్రత్యామ్నాయం. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. లెక్క సున్నా చేసినంత మాత్రాన ప్యాడ్ ఆరదు. ముందు దాన్ని మార్చి లేదా కడిగి ఆరబెట్టి, ఆ తర్వాతే రీసెట్ చేయాలి.

ట్యాంకు ప్రింటర్ ఎలా పుట్టింది

కంపెనీలు దిగొచ్చిన సందర్భమూ ఉంది. ఇండోనేషియాలో దుకాణదారులు ఎప్సన్ ప్రింటర్ల పక్కన సిరా సీసాలు పెట్టి, సన్నని గొట్టాలతో హెడ్‌కు కలిపి అమ్మేవారు. మన నగరాల్లోని కంప్యూటర్ దుకాణాల్లోనూ ఇలాంటి అమరికలు దొరికేవి. అసలు కాట్రిడ్జ్‌లు కొనేవాళ్లు తగ్గిపోతుంటే, ఎప్సన్ 2010లో ఇండోనేషియాలోనే తన సొంత ఇంక్ ట్యాంకు ప్రింటర్‌ను తెచ్చింది. తర్వాత అది ఇండియా సహా ఇతర దేశాలకు వ్యాపించింది. కెనాన్, హెచ్‌పీ, బ్రదర్ కూడా ఆ బాట పట్టాయి. యంత్రం ధర ఎక్కువ, సిరా ధర తక్కువ. మన దేశంలో ఎక్కువగా కనిపించే ఎప్సన్ 003 నల్ల సిరా సీసా 65 మిల్లీలీటర్లు. దానితో సుమారు 4,500 పేజీలు వస్తాయని కంపెనీ చెబుతోంది. సీసాకు చిప్పు లేదు కాబట్టి వేరే సిరా పోయకుండా ఆపే ఎలక్ట్రానిక్ తనిఖీ లేదు. వ్యర్థ సిరా లెక్క మాత్రం వీటిలోనూ ఉంది.

తెలుగు ఊళ్లలో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో జిరాక్స్ సెంటర్లు, డీటీపీ దుకాణాలు, మీసేవ కేంద్రాలు, ప్లీడర్ల ఆఫీసులు ఏళ్ల తరబడి నడిచింది రెండు లేజర్ ప్రింటర్ల మీద. ఒకటి హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, ఇంకొకటి కెనాన్ ఎల్‌బీపీ 2900. మొదటిది 12ఏ కాట్రిడ్జ్‌తో, రెండోది దాదాపు అదే కొలతల 303తో పనిచేస్తాయి. రెండింటికీ సుమారు రెండువేల పేజీల సామర్థ్యం ఉంది, రెండింటికీ చిప్పు లేదు. టోనర్ అయిపోతే రీఫిల్లింగ్ కుర్రాడు వచ్చి, పక్క పిన్నులు తీసి కాట్రిడ్జ్‌ను రెండు భాగాలుగా విప్పుతాడు. వ్యర్థపు పొడి దులిపి, కొత్త పౌడర్ నింపి, డ్రమ్ అరిగితే డ్రమ్, గీతలు పడుతుంటే బ్లేడు మార్చి అక్కడికక్కడే బిగించి ఇస్తాడు. ఆ యంత్రాల దీర్ఘాయువుకు ఈ రీఫిల్లే ముఖ్య కారణం. వేలమందికి ఇది బతుకుతెరువు కూడా.

విచిత్రమేమిటంటే వాడకంలో ఇంత స్వేచ్ఛ ఉన్న ఈ యంత్రాలు సాఫ్ట్‌వేర్ వైపు గట్టిగా మూసినవి. లేజర్‌జెట్ 1020 తన ఫర్మ్‌వేర్‌ను తనలో నిల్వ ఉంచుకోదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ దాన్ని పంపాలి. పేజీలనూ జెడ్‌జేస్ట్రీమ్ అనే సొంత భాషలోనే తీసుకుంటుంది. రిక్ రిచర్డ్‌సన్ రాసిన ఫూ2జెడ్‌జేఎస్ డ్రైవర్ ఈ రెండు పనులూ చేసి దాన్ని లైనక్స్‌లో నడిపింది. ఎల్‌బీపీ 2900 వాడే క్యాప్ట్ భాషను కూడా ప్రోగ్రామర్లు విడదీసి క్యాప్ట్‌డ్రైవర్ తయారు చేశారు. కొత్త విండోస్‌లో ఇబ్బంది పెట్టే ఇలాంటి పాత యంత్రాలకు ఓపెన్ సోర్స్ రెండో బతుకు ఇవ్వగలదు.

తర్వాతి తరం లేజర్ కాట్రిడ్జ్‌లకు చిప్పు వచ్చింది. ఇప్పుడు పౌడర్‌తోపాటు చిప్పు కూడా మార్చాల్సి రావడంతో రీఫిల్ ఖర్చు పెరిగింది. కొందరు చిప్పు అడగని మార్పిడి ఫర్మ్‌వేర్ వేయించుకుంటున్నారు. అవి ఓపెన్ సోర్స్ కావు. ఎవరు రాశారో, లోపల ఏముందో తెలియదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఆఫీసు ప్రింటర్‌లో అలాంటిది ఎక్కించడం ప్రమాదమే.

తెలుగు డీటీపీకి మరో ముడి కూడా ఉంది. యూనికోడ్ కాని అను ఫాంట్లు, పాత పేజీ అమరిక ప్రోగ్రాము పేజ్‌మేకర్ కలిసి చాలా దుకాణాలను పాత విండోస్‌కే కట్టిపడేశాయి. యూనికోడ్ తెలుగులో పేజీలు కూర్చడానికి ఇప్పుడు స్వేచ్ఛా దారి ఉంది. స్క్రైబస్ అనే ఓపెన్ సోర్స్ పేజీ అమరిక ప్రోగ్రాము 2017లో వచ్చిన 1.5.3 నుంచి గుణింతాలు, ఒత్తులు సరిగా అమర్చగలుగుతోంది. 2024 జనవరిలో వచ్చిన 1.6తో ఆ సౌకర్యం స్థిరమైన విడుదలకు చేరింది. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, పొన్నాల వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్స్‌తోనే దొరుకుతాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేస్తోంది. ఈ ప్రోగ్రామూ, ఫాంట్లూ, ప్రచారమూ డీటీపీ దుకాణం దాకా చేరితే, ప్రింటర్ ఎంపికా సాఫ్ట్‌వేర్ ఎంపికా దుకాణదారు చేతిలోకి వస్తాయి.

మన చట్టం ఏమంటుంది

అమెరికా చట్టంతో పోలిస్తే భారత కాపీరైట్ చట్టం ఈ విషయంలో వినియోగదారుకు అనుకూలం. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరమంటుంది. కానీ ఆ పని కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడే. తన ప్రింటర్‌లో తన సిరా పోసుకోవడం ఎవరి రచననూ కాపీ చేయడం కాదు. ఒక ప్రోగ్రాముతో మరో ప్రోగ్రాము కలిసి పనిచేయడానికి అవసరమైన సమాచారం రాబట్టుకోవడాన్ని 52వ సెక్షన్ న్యాయబద్ధమైన వాడకంగా గుర్తించింది. స్వేచ్ఛా డ్రైవర్లు రాసేవాళ్లకు ఇది అండ.

2022 ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల జాబితాలో ప్రింటర్లతోపాటు కాట్రిడ్జ్‌లు కూడా ఉన్నాయి. వాటి రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారులదే. అదే ఏడాది కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. కంపెనీలు స్వచ్ఛందంగా సమాచారం ఇచ్చే వేదిక ఇది. కాట్రిడ్జ్ తాళాలను నేరుగా నిషేధించే నిబంధన మాత్రం మనకు లేదు, రావాల్సింది అదే. ప్రభుత్వ ఆఫీసులు, బడులు కొనే ప్రింటర్ల టెండర్లలో రీఫిల్‌కు అడ్డులేని యంత్రాలే కావాలని ఒక్క షరతు పెట్టినా మార్కెట్ తీరు మారుతుంది.

పొదుపు చేసే సాధనాలు

తాళం విప్పకుండానే సిరా ఆదా చేసే ఓపెన్ సోర్స్ సాధనాలు కొన్ని ఉన్నాయి. ఘోస్ట్‌స్క్రిప్ట్‌లోని ఇంక్‌కవ్ అనే సౌకర్యం పీడీఎఫ్‌లో ప్రతి పేజీకి నీలం, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు ఎంత మేర పడతాయో ప్రింట్ తీయకముందే చెబుతుంది. కాట్రిడ్జ్ పెట్టె మీది పేజీల సంఖ్య నిర్ణీత పరీక్షా పేజీలతో తేల్చినది. శుభలేఖకో, రంగుల కరపత్రానికో అది వర్తించదు. డీటీపీ దుకాణంవాళ్లు ఇంక్‌కవ్‌తో తమ పేజీల లెక్క చూసుకుంటే ధర సరిగ్గా చెప్పగలుగుతారు. లిబ్రేఆఫీస్‌లో రంగులను బూడిద ఛాయలుగా మార్చి ముద్రించే సదుపాయం ఉంది. అక్షరాల్లో కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలు పెట్టి సిరా తగ్గించే ఈకోఫాంట్‌ను నెదర్లాండ్స్‌కు చెందిన స్ప్రాంక్ సంస్థ ఒక స్వేచ్ఛా ఫాంట్ ఆధారంగానే రూపొందించింది.

ప్రింటర్‌నే తెరిస్తే

మిగిలిన సగం గెలవాలంటే యంత్రమే తెరిచినదై ఉండాలి. నికొలస్ లూయిస్ 2011లో ఇంక్‌షీల్డ్ అనే బోర్డును రూపొందించి, ఆర్డ్యూనో అనే చిన్న ఓపెన్ సోర్స్ కంట్రోలర్ బోర్డుతో హెచ్‌పీ కాట్రిడ్జ్‌ను నడిపించి చూపాడు. పన్నెండు రంధ్రాల ఆ కాట్రిడ్జ్‌తో అంగుళానికి 96 చుక్కలు పడేవి. ఆఫీసు పనికి అది చాలదు గానీ దారి చూపింది. 2025లో ఓపెన్ టూల్స్ అనే ఫ్రెంచ్ బృందం ఓపెన్ ప్రింటర్‌ను ప్రకటించింది. రాస్ప్‌బెర్రీ పై జీరో బోర్డు, కప్స్ సాఫ్ట్‌వేర్, విప్పి మార్చుకోదగ్గ భాగాలు, రీఫిల్‌కు వీలైన హెచ్‌పీ 63 లేదా 302 కాట్రిడ్జ్‌లు దీని ప్రత్యేకతలు. దీని నమూనాలకు ఎంచుకున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ వాణిజ్య వాడకాన్ని అనుమతించదు కాబట్టి కచ్చితమైన నిర్వచనం ప్రకారం ఇది ఓపెన్ సోర్స్ కాదని కొందరి అభ్యంతరం. హెడ్ ఉన్న కాట్రిడ్జ్‌కు పెద్ద కంపెనీ మీదే ఆధారపడటం అసలు పరిమితి. వెంట్రుక కంటే సన్నని రంధ్రాలను వందల సంఖ్యలో చెక్కడానికి చిప్పుల కర్మాగారం స్థాయి పరిజ్ఞానం కావాలి. ఓపెన్ సోర్స్ సమాజానికి అది ఇంకా అందలేదు.

త్రీడీ ప్రింటర్ల చరిత్ర వేరుగా నడిచింది. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో రెప్‌ర్యాప్ ప్రాజెక్టును మొదలుపెట్టి నమూనాలన్నీ బహిరంగంగా ఉంచాడు. మార్కెట్ ఆ పునాది మీదే పెరిగింది. అందుకే ప్లాస్టిక్ తీగను ఎవరి దగ్గరైనా కొనుక్కునే అలవాటు స్థిరపడింది. ఎక్స్‌వైజెడ్ ప్రింటింగ్ సంస్థ తన డావించి యంత్రాల్లో చిప్పున్న తీగ డబ్బాలు పెట్టినా ఆ పద్ధతి పరిశ్రమకు నియమం కాలేదు. యంత్రం మొదటి నుంచీ తెరిచి ఉంటే సరుకు మీద పెత్తనం నిలవదనడానికి ఇదే రుజువు.

కొనేవారు చూడాల్సినవి

ప్రింటర్ కొనేముందు యంత్రం ధర కంటే పేజీకి అయ్యే ఖర్చు అడగాలి. కాట్రిడ్జ్‌కు చిప్పు ఉందా, ఖాతా తెరవనిదే యంత్రం పనిచేయదా, వ్యర్థ సిరా ప్యాడ్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చా అన్నవి తర్వాతి ప్రశ్నలు. ఎయిర్‌ప్రింట్ లేదా ఐపీపీ ఎవ్రీవేర్ ఉన్న మోడల్ అయితే డ్రైవర్ బెంగ ఉండదు. ఓపెన్‌ప్రింటింగ్ జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో ఒకసారి చూడాలి. అప్పుడప్పుడు మాత్రమే ప్రింట్ తీసే ఇంటికి నలుపు తెలుపు లేజర్ మేలు, ఎందుకంటే టోనర్ ఎండిపోదు. రంగుల పని ఎక్కువుంటే ట్యాంకు ప్రింటర్ మేలు. ఇప్పటికే రీఫిల్ కాట్రిడ్జ్ వాడుతున్నవారు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వాటంతటవే దిగే అమరికను ఆపి, ఏ అప్‌డేట్ ఏం మారుస్తుందో చదివాకే వేసుకోవాలి. అప్‌డేట్లు ఆపితే భద్రతా సవరణలూ ఆగుతాయి కాబట్టి అలాంటి ప్రింటర్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచకూడదు. తమ ప్రింటర్ లైనక్స్‌లో ఎలా పనిచేస్తోందో ఓపెన్‌ప్రింటింగ్‌కు రెండు ముక్కలు రాసి పంపితే, అదే మోడల్ కొనబోయే తర్వాతివారికి ఆ సమాచారం ఉచితంగా అందుతుంది.